చూసే కంటికి జీతం

"ఈసారి కూడా గ్రాంటు లేదట," అంది మరిబిక్, ఫోను పక్కన పెట్టేస్తూ.

లా పాజ్ మార్కెట్లో పొద్దుటి రద్దీ అప్పుడే పలచబడుతోంది. వాళ్ళక్క లోర్నా తన బచోయ్ కొట్లో వరసగా గిన్నెలు పరిచి, నూడుల్స్ మీద కాలేయం ముక్కలు సర్ది, మరుగుతున్న ఎముకల రసం గరిటెతో పోస్తోంది. చెల్లెలి మాట విని తల కూడా ఎత్తలేదు.

"ఎవరు లేదన్నారు? ఆ మంచుదేశం వాళ్ళేనా?"

"వాళ్ళు పోయినేడాది అన్నారు. వీళ్ళు వేరే."

"మంచిదే. లేదనడానికి కూడా ఎప్పటికప్పుడు కొత్తవాళ్ళు దొరుకుతున్నారు నీకు." లోర్నా ఒక గిన్నె తెచ్చి చెల్లెలి ముందు పెట్టింది. "తిను ముందు. వాళ్ళకి రాసీ రాసీ నీ మెడ కొంగమెడలా సాగిపోయింది."

మరిబిక్ తినడం మొదలుపెట్టింది. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. మొదట్లో ఇలాంటి ఉత్తరం వస్తే రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఇప్పుడు అది కూడా చేతకావడం లేదు. ఆ ఉత్తరాలన్నీ ఒక్కలాగే ఉంటాయి. మీ కృషి ఎంతో మెచ్చుకోదగింది అని మొదలవుతాయి. ఆమె పైవాక్యాలు వదిలేసి 'అయితే' అన్న మాట ఎక్కడుందో వెతుక్కుంటుంది. అది దొరికాక మిగతాది చదవక్కర్లేదు.

మరిబిక్ నుఫాబ్లే సొంతూరు మియాగావ్. ఇలోయిలో నగరానికి చదువుకోసం వచ్చి, అక్కడే హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతూ స్థిరపడిపోయింది. పెళ్ళి చేసుకోలేదు. చేసుకోకూడదని ఒట్టు పెట్టుకున్నదీ లేదు, ఏదో అలా జరగలేదంతే. నలభై దాటాక బంధువులు అడగడం మానేశారు.

ఆమె జీవితం మలుపు తిరిగింది జోనమే అనే పిల్ల వల్ల. తొమ్మిదో తరగతి. వెనక బెంచీలో కూచుని గోళ్ళకి రంగులు వేసుకునే పిల్ల. వాళ్ళది సముద్రం ఒడ్డున బాలునాన్ అనే పల్లె. ఊరంతా నీళ్ళలో వెదుళ్ళు పాతి తహోంగ్ పెంచుతారు. తహోంగ్ అంటే పచ్చ ఆల్చిప్పలు. ఒక వేసవి సెలవల్లో సముద్రానికి ఎర్రపోటు తగిలింది. కంటికి కనపడనంత చిన్న జీవి ఏదో నీళ్ళలో లక్షలుగా పెరుగుతుంది. దాన్ని తిన్న ఆల్చిప్ప బాగానే ఉంటుంది, ఆల్చిప్పని తిన్న మనిషికి పెదాలు తిమ్మిరెక్కి, తర్వాత ఊపిరి ఆగుతుంది. ఎంత ఉడకబెట్టినా ఆ విషం పోదు. జోనమే అమ్మమ్మ ఇంట్లో పండగ భోజనం తిన్నది. పెద్దాసుపత్రికి తెచ్చేలోపే ప్రాణం పోయింది.

తర్వాత తెలిసిందేమిటంటే, ఆ నీళ్ళని అంతకుముందే ఎవరో తీసుకెళ్ళి పరీక్ష చేశారు. విషజీవి ఉందని తేలింది కూడా. ఆ కాగితం ఏదో ఒక ఆఫీసు బల్ల మీద, సంతకం పెట్టే అధికారి సెలవు నుంచి తిరిగి రావడం కోసం ఎదురు చూస్తూ కూర్చుంది.

ఎవరి మీదా కేసు పడలేదు. పిల్లని పాతిపెట్టిన రోజున మరిబిక్ ఒక ముక్క అంది. "నీళ్ళు వాళ్ళవి. ఆల్చిప్పలు వాళ్ళవి. పిల్ల వాళ్ళది. ఆ నీళ్ళలో ఏముందో మాత్రం వాళ్ళకి చెప్పకూడదా?"

అక్కడినుంచి పుట్టింది సనాగ్. వాళ్ళ భాషలో వెలుగు అని అర్థం. మోలో పేటలో ఒక బేకరీ మీద గది అద్దెకు తీసుకున్నారు. పొరుగు దేశంలో, యోగ్యకర్తా అనే ఊళ్ళో, అందరూ మర్యాదగా 'పాక్' అని పిలిచే వినార్నో అనే పెద్దాయన పాత కెమెరా అద్దాలతో చవకగా మైక్రోస్కోపు చేసే పద్ధతి కనిపెట్టి, ఎవరైనా చేసుకోండని నమూనా అంతా అందరికీ తెరిచి పెట్టాడు. దాన్ని చూసి మరిబిక్, ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు కలిసి మైక్రోస్కోపులు చేశారు. ఒడ్డు పల్లెల్లోని ఆల్చిప్పల రైతులు సీసాల్లో నీళ్ళు తెచ్చేవాళ్ళు. చుక్క వేసి, చూసి, ఫోటో తీసి, ఏ ఊరి నీళ్ళలో ఏం కనిపించిందో ఇంటర్నెట్లో పెట్టేవాళ్ళు. తాళం లేదు, సంతకం లేదు. ఎవరైనా చూడొచ్చు, తప్పుంటే చెప్పొచ్చు, వాడుకోవచ్చు. ఇదే పని సముద్రం అవతల డుమాగెటెలో సిక్స్తో ఆబ్రెనికా అనే రిటైరైన ప్రొఫెసరు చేస్తున్నాడు.

మొదటి రెండేళ్ళు ఉత్సాహం మీద నడిచింది. తర్వాత అద్దె గుర్తుకొచ్చింది. కరెంటు బిల్లు గుర్తుకొచ్చింది. నీళ్ళు మోసేవాళ్ళ బోటు డీజిలు గుర్తుకొచ్చింది. బడీ ఇదీ రెండూ లాగలేక మరిబిక్ ఉద్యోగం మానేసి, సాయంత్రాలు ట్యూషన్లు చెప్పుకుంటూ, పగలంతా నిధుల కోసం దరఖాస్తులు రాయడంలో పడింది. ఒకప్పుడు సముద్రపు చుక్కలో వంద రకాల ప్రాణులు చూసి మురిసిపోయిన మనిషి, మైక్రోస్కోపులో కన్ను పెట్టి నెలలు గడిచాయని ఒకరోజు గమనించి, గమనించనట్టు ఊరుకుంది.

బచోయ్ తిని గదికి వచ్చేసరికి సిక్స్తో ఫోను.

"బిక్, నీకూ వచ్చిందా ఉత్తరం?"

"వచ్చింది సర్. మీకు?"

"నాకూ వచ్చింది. వినార్నోకీ వచ్చిందట. ముగ్గురం ఒకే చోట వేశాం చూడు." ఆయన నవ్వినట్టు వినిపించింది. "ఒకే చేపకి ముగ్గురం మూడు గాలాలు వేస్తున్నాం. దాంతో అది బెదిరి పారిపోతోంది. వచ్చేసారి ఒకే గాలం వేద్దామా?"

కింద బేకరీలో పాండెసాల్ రొట్టెల ట్రేలు ఒకదాని మీద ఒకటి పడుతున్న చప్పుడు.

"ఉన్నావా?"

"ఉన్నాను సర్. ఒకటి అడగాలి. రెండేళ్ళ కింద మీకు వచ్చిందే గ్రాంటు, దాంట్లో నా వాక్యాలున్నాయి. ఊరూరా నీళ్ళ కాపలా అన్న ఆలోచన నాది. మీరు తీసుకున్నారు."

"తీసుకున్నాను," అన్నాడు సిక్స్తో తడుముకోకుండా. "నువ్వు నీ దరఖాస్తు అందరికీ తెరిచి పెట్టావు. చదివాను, బాగుంది, వాడుకున్నాను. నీ పేరు కూడా వేశాను."

"ఆఖరి పేజీలో."

"ఆఖరి పేజీలోనే. కాదన్లేదు."

ఇక్కడే ఆమెకి దిక్కు తోచలేదు. ఎవరైనా వాడుకోవచ్చని ఊరంతా చెప్పి తిరిగింది తనే. తీరా ఒకడు వాడుకుంటే కడుపు మండిపోయింది. రెండేళ్ళుగా ఆ మంటని ఎవరితోనూ పంచుకోలేదు, ఎందుకంటే పంచుకుంటే తన మాట తనే మింగినట్టవుతుంది.

"తప్పు అనను సర్," అంది చివరికి. "కానీ ఒక్క ఫోను చేసి ఉంటే బాగుండేది."

"అది నిజం. చెయ్యాల్సింది. ఇప్పుడు చేస్తున్నాననుకో."

ఇలోయిలో వైపు ఇలోంగో భాష మాట్లాడే మనిషి తిట్టినా జోలపాట పాడినట్టుంటుందని మిగతా దీవులవాళ్ళు ఎగతాళి చేస్తారు. మరిబిక్ కూడా ఆ మెత్తటి గొంతుతోనే, "సరే సర్, పాత బాకీ వడ్డీతో సహా మీచేతే ఎక్కువ పేజీలు రాయిస్తా," అంది.

అలా మూడు ఊళ్ళవాళ్ళు కలిశారు. కలవడం ఒకెత్తు, కలిసి రాయడం ఒకెత్తు. తెర మీద ముగ్గురి ముఖాలు కనిపించాలంటే ఇక్కడ కరెంటుండాలి, అక్కడ ఇంటర్నెట్టుండాలి, యోగ్యకర్తాలో పాక్ వినార్నో నమాజు ముగించుకుని రావాలి. అన్నీ కుదిరిన రోజున సిక్స్తో పెరట్లో కోడిపుంజులు గొంతు చించుకునేవి.

"సర్, ఆ పుంజుని కూడా భాగస్వామిగా చేర్చుకుందామా?" అనేవాడు వినార్నో, లవంగం సిగరెట్టు పొగ వదులుతూ. "మనకంటే ఎక్కువ మాట్లాడుతోంది."

ముందు నిలబడేది ఎవరు అన్నది మొదటి చిక్కు. డబ్బిచ్చే సంస్థకి పద్దులు తనిఖీ అయిన రిజిస్టర్డ్ సంఘం కావాలి. అది సిక్స్తో దగ్గరే ఉంది. ఆయన పేరు పైన పెట్టాల్సి వచ్చింది. మరిబిక్ ఒప్పుకుంది. ఒప్పుకున్న సాయంత్రం ట్యూషన్ పిల్లల మీద కారణం లేకుండా విసుక్కుంది.

రెండో చిక్కు జీతాలది. పరికరాలకి అడగొచ్చు, శిక్షణకి అడగొచ్చు, ప్రయాణాలకి అడగొచ్చు. మనుషుల కూలి దగ్గరికి వచ్చేసరికి పిసరంతకి మించకూడదని నియమం.

"ఎప్పుడూ అంతే బు బిక్," అన్నాడు వినార్నో. ఆమెని ఆయన మర్యాదగా అమ్మా అన్నట్టు 'బు' అని పిలుస్తాడు. "మైక్రోస్కోపుకి ఇస్తారు. దాంట్లోంచి చూసే కంటికి ఇవ్వరు."

"నియమం నియమమే," అన్నాడు సిక్స్తో. "మనం మార్చలేం. నీళ్ళు తెచ్చేవాళ్ళు ఇన్నాళ్ళూ ఊరికే తెచ్చారుగా, వాళ్ళది సేవ అని రాద్దాం. చదివేవాళ్ళకి కూడా నచ్చుతుంది."

రాశారు. ఆరు పల్లెల నుంచి రైతులు స్వచ్ఛందంగా వారం వారం నీళ్ళు పంపుతారని రాశారు. మరిబిక్ పట్టుబట్టి ఆ చిత్తుప్రతిని ఎప్పటిలాగే అందరికీ తెరిచి పెట్టింది. ఇంకెవడో ఎత్తుకుపోతాడేమోనని సిక్స్తో గొణిగాడు. "మీరే ఎత్తుకుపోయాక ఇంకెవరు మిగిలారు సర్?" అంది ఆమె. ఆయన నోరు మూసుకున్నాడు.

నాలుగు రోజుల తర్వాత బాలునాన్ నుంచి గొంతు సందేశం వచ్చింది. పంపింది తెసింగ్. జోనమేకి పెద్దమ్మ వరస. మొదటి సీసా నీళ్ళు తెచ్చింది ఆవిడే.

"మరిబిక్, మా అబ్బాయి చదివి వినిపించాడు. నేను ప్రతి వారం నీళ్ళు తెస్తానని రాశావట. ఎవర్నడిగి రాశావ్?"

అంతే. మరిబిక్ ఆ సందేశం మళ్ళీ పెట్టి వింది. అప్పుడు జ్ఞాపకం వచ్చింది, తెసింగ్ దగ్గర్నుంచి సీసా వచ్చి చాలా కాలమైందని. దరఖాస్తుల గొడవలో పడి అడగనే లేదు.

మర్నాడు జీప్నీ బండి ఎక్కి, అక్కణ్ణుంచి చిన్న బోటులో బాలునాన్ వెళ్ళింది. తెసింగ్ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి వెదుళ్ళకి అంటుకున్న నాచు గీకుతోంది. చూసి పలకరించలేదు. పని ఆపలేదు.

"మనాంగ్, కోపమా?" అడిగింది మరిబిక్, అక్కా అన్న వరసతో.

"కోపానికి ఓపిక కావాలి. నాకది లేదు." తెసింగ్ నాచు విదిలించి పారేసింది. "మోకాళ్ళు పట్టేశాయి. మా ఆయనకి చూపు తగ్గింది. సీసా పట్టుకుని మీ ఊరు రావాలంటే పూట పని పోతుంది. మొదట్లో పిల్ల పోయిన బాధలో తెచ్చాను. బాధతో ఎన్నేళ్ళు తెస్తాను చెప్పు?"

"బోటు డీజిలుకి అడిగాం మనాంగ్. అది ఉంది దాంట్లో."

"డీజిలు బోటుకి. నాకేది?"

మరిబిక్ చెప్పులు ఒడ్డున వదిలి నీళ్ళలోకి దిగింది.

"నువ్వు ఊరికే చేస్తున్నావా ఈ పని?" అడిగింది తెసింగ్, ఈసారి కాస్త మెత్తగా.

"దాదాపు ఊరికే."

"మరి నీ మొహం చూసుకున్నావా అద్దంలో? పాతిపెట్టడానికి సిద్ధంగా ఉన్నట్టున్నావ్. నన్ను కూడా అలా తయారు చేస్తావా?" నీళ్ళలోంచి బయటికి వచ్చి, లంగా పిండుకుని, "రా, అన్నం తిందాం. కంది, పనస, పంది మాంసం వండాను. సేవ అంట, సేవ. ఆ మాట కనిపెట్టినవాణ్ణి ఈ నాచులో ముంచాలి," అంది.

ఆ భోజనం దగ్గర మరిబిక్‌కి ఏడుపొచ్చింది. తెసింగ్ చూసి చూడనట్టు ఇంకో గరిటె అన్నం వేసింది.

తిరిగొచ్చాక ముగ్గురూ మళ్ళీ తెర ముందు కూర్చున్నారు. మరిబిక్ ఒకటే అంది. నీళ్ళు తెచ్చేవాళ్ళకి, చూసేవాళ్ళకి కూలి పెట్టకపోతే తను దీంట్లో లేదు.

"బిక్, పరిమితి దాటితే మొదటి జల్లెడలోనే పోతుంది," అన్నాడు సిక్స్తో. "దరఖాస్తులు వడపోసే బల్ల దగ్గర నేనూ కూర్చున్నవాణ్ణి. ఇలాంటివి చదవకుండా పక్కన పడేసేవాళ్ళం."

"పడెయ్యనివ్వండి. ఇన్నిసార్లు నియమం ప్రకారం రాసి పోగొట్టుకున్నాం. ఒకసారి నిజం రాసి పోగొట్టుకుందాం."

"నిజం నీకు. నాకు ఈ వయసులో ఇంకో ఓటమి. నాకు డెబ్భై ఒకటి. ఇది వచ్చినా నేను చూస్తానో లేదో తెలీదు." అంతసేపూ హుషారుగా కనిపించే ఆ మనిషి ఆ మాటతో కుర్చీలో కుంగిపోయినట్టు కనిపించాడు. ఆయన కూడా అలిసిపోయాడని మరిబిక్‌కి ఆ క్షణందాకా తట్టలేదు.

వినార్నో సిగరెట్టు ఆర్పాడు.

"మైక్రోస్కోపు భాగాలు కోయడానికి నేనడిగిన కొత్త మిషను తీసెయ్యండి," అన్నాడు. "పాతదే ఇంకో రెండేళ్ళు తిట్టుకుంటూ వాడుకుంటా. అలవాటేగా."

"ఏడాదికోసారి అందరం కలుసుకునే సభ కూడా తీసేద్దాం," అంది మరిబిక్. "ఇలా తెర మీదే చూసుకుందాం ముఖాలు."

సిక్స్తో కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయనకి ఆ సభ అంటే ఆశ ఉండేది. ముగ్గురూ ఎప్పుడూ ఎదురెదురుగా కలుసుకోలేదు. "తీసేయ్," అన్నాడు. "నా పుంజుని చూసే భాగ్యం మీకు లేదనుకుంటా."

కూలి ఎందుకు పరిమితి దాటిందో వివరిస్తూ ఒక పేజీ రాయాల్సి వచ్చింది. దాన్ని ముగ్గురూ ఒకే ఫైలులో, ఒకరి వాక్యం మీద ఒకరు పడుతూ రాశారు. సిక్స్తో పెట్టిన పెద్ద పెద్ద మాటలు మరిబిక్ కొట్టేసింది. మరిబిక్ ఆవేశంగా రాసినవి సిక్స్తో కొట్టేశాడు. వినార్నో ఇద్దరూ కొట్టేసినవాటిలోంచి రెండు మూడు వెనక్కి తెచ్చాడు. పేజీ పూర్తయ్యాక ఏ వాక్యం ఎవరిదో ముగ్గురికీ తెలియలేదు. గడువు రోజు మధ్యాహ్నం పంపించారు. పంపాక సంబరం చేసుకునే ఓపిక ఎవరికీ లేకపోయింది. "వెళ్ళి పడుకోండి" అనుకుని తెరలు మూసేశారు.

వానాకాలమంతా జవాబు కోసం చూశారు. రెండు తుఫాన్లు వచ్చి పోయాయి. బేకరీ మేడ కప్పు కారితే, మరిబిక్ మైక్రోస్కోపులు అక్క ఇంట్లో బియ్యం బస్తాల పక్కన దాచింది. తర్వాత సంస్థ నుంచి పిలుపొచ్చింది. ముగ్గురితో మాట్లాడాలట.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. కింద బేకరీ వాళ్ళ జనరేటరు ఒక్కటే దిక్కు. మరిబిక్ పిండి బస్తాల మధ్య ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. సంస్థ తరఫున హన్నెకె అనే యువతి మాట్లాడింది. ఎంతో మర్యాదస్తురాలు, దరఖాస్తు పూర్తిగా చదివింది కూడా. మాట కటువుగా రాకూడదని ఆ పిల్ల పడుతున్న పాట్లు చూస్తే జాలేసింది.

"మీ ప్రతిపాదన మా అందరికీ నచ్చింది," అంది. మరిబిక్ మనసులో 'అయితే' కోసం ఎదురుచూసింది. "అయితే, కూలి భాగం తగ్గించుకోగలిగితే, మిగతాదంతా మేం పూర్తిగా ఇవ్వగలం. పరికరాలు, శిక్షణ, మూడేళ్ళూ. ఆలోచిస్తారా?"

వినార్నో తల వంచుకున్నాడు. ముందుగా అనుకున్న జవాబులు మరిబిక్ దగ్గర కాగితం మీద ఉన్నాయి. వాటి జోలికి పోలేదు.

"అమ్మా, నేను చాలా అలిసిపోయి ఉన్నాను, మర్యాద తప్పితే ఏమీ అనుకోకండి," అంది. "ఆ భాగం తీసేసి మీరివ్వొచ్చు, మేం తీసుకోవచ్చు. మూడేళ్ళ తర్వాత మీరొచ్చి చూస్తే పరికరాలన్నీ ఉంటాయి. దుమ్ము కొట్టుకుని. వాటి దగ్గర మనిషి ఉండడు. ఇప్పటికే ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. కోపంతో కాదు, ఓపిక లేక. అన్నీ అందరికీ ఊరికే ఇవ్వాలనేది మా పట్టుదల. ఇస్తాం. కానీ ఊరికే ఇచ్చేవాళ్ళు కూడా అన్నం తినాలి."

వెనక పాండెసాల్ ట్రే ఒకటి జారి నేల మీద పడింది. బేకరీ ఆయన పెద్దగా తిట్టాడు. హన్నెకెకి ఆ మాటలు అర్థం కాలేదు గానీ నవ్వేసింది.

"ఆవిడ చెప్పిందే మా ముగ్గురి మాట," అన్నాడు సిక్స్తో. "నా పేరు పైనుంది కాబట్టి చెబుతున్నా. ఆ భాగం తీసేస్తే దరఖాస్తే వెనక్కి తీసుకుంటాం."

ఫోను పెట్టేశాక చాలాసేపు మరిబిక్ ఆ పిండి బస్తాల మధ్యే కూర్చుంది. చెడగొట్టాననుకుంది. బేకరీ ఆయన వేడి రొట్టెలు కాగితంలో చుట్టి చేతిలో పెట్టాడు. "కింద పడినవి కావులే," అన్నాడు.

వచ్చింది. అడిగినంత డబ్బు కాదు. మూడేళ్ళకి బదులు రెండేళ్ళు. కూలి భాగం నిలిచింది, పరికరాలే తగ్గాయి. నడిపించేవాళ్ళ జీతాలు మాత్రం సగానికి కోశారు. అంటే మరిబిక్‌కి ట్యూషన్లు మానే వీలు లేదు.

వార్త చెప్పడానికి సిక్స్తో ఫోను చేశాడు. "వచ్చింది బిక్." "సంతోషం సర్." ఆయన పెరట్లో పుంజు కూసింది. "అదైనా అరిచింది," అన్నాడు సిక్స్తో.

లోర్నాకి చెబితే, "అయితే ఇక రాయక్కర్లేదా?" అంది ఆశగా.

"మొదటి రిపోర్టు ఇంకో ఆర్నెల్లకి రాయాలి."

"ఇచ్చింది తిన్నాక కూడా రాయించుకుంటారా? మా కొట్లో నయం. తిని పోతారు."

కూలి మొదలయ్యాక సీసాలు మళ్ళీ వచ్చాయి. వాటితోపాటు మనుషులూ వచ్చారు. తెసింగ్ మోకాళ్ళకి మందు కొనుక్కుంది, రాకపోకల బాధ లేకుండా బాలునాన్ సమావేశపు గదిలోనే ఒక మైక్రోస్కోపు పెట్టించుకుంది. చూడడం నేర్చుకోవడానికి ఆవిడకి వారాలు పట్టింది. గాలిబుడగని చూసి ఎర్రపోటు అని రెండుసార్లు ఊరంతా కంగారు పెట్టింది. ఊరు నవ్వింది. ఆవిడ తిట్టింది. మళ్ళీ చూసింది.

క్రిస్మస్ ముందు, ఊరంతా తహోంగ్ కోసి అమ్ముకునే రోజుల్లో, తెసింగ్ ఒక ఫోటో పంపింది. గొలుసులా ఒకదానికొకటి అంటుకున్న గుండ్రటి కణాలు. కింద ఏమీ రాయలేదు. మరిబిక్ చూసింది. డుమాగెటెలో చూశారు. యోగ్యకర్తాలో వినార్నో తనకి తెలిసిన ఇంకొకరికి చూపించాడు. ఆ పొద్దుటే అందరూ ఒకటే మాట అన్నారు, ఎర్రపోటు అని. మరిబిక్ అధికారులకి చెప్పింది, పరీక్షకి నీళ్ళు, ఆల్చిప్పలు పంపింది. వాళ్ళ ఉత్తర్వు రావడానికి ముందే తెసింగ్ గడప గడపకీ తిరిగి కోత ఆపించింది.

ఊరు మెచ్చుకోలేదు. పండగ ముందు చేతికొచ్చిన పంట వెదుళ్ళ మీదే ఉండిపోయింది. ఎవరో కోపం పట్టలేక తెసింగ్ గుమ్మం ముందు కుళ్ళిన ఆల్చిప్పల బస్తా గుమ్మరించి పోయారు. మరిబిక్ వెళ్ళేసరికి ఆవిడ ముక్కుకి గుడ్డ కట్టుకుని చీపురు పట్టుకునుంది. ఇద్దరూ కలిసి ఆ గుమ్మం కడిగారు.

"దీనికి కూడా కూలి రాశావా?" అడిగింది తెసింగ్.

"రాయలేదు మనాంగ్. తట్టలేదు."

"వచ్చేసారి రాయి."

పరీక్షలో విషం ఉందనే తేలింది. కోత ఆపమని ఉత్తర్వూ వచ్చింది. ఆ వేసవిదాకా బాలునాన్‌లో ఎవరూ జబ్బు పడలేదు. జబ్బు పడలేదు కాబట్టి ఏమీ జరగనట్టే అయింది. పత్రికలో రాలేదు. కృతజ్ఞతలు చెప్పడానికి ఎవరూ గదికి రాలేదు.

రిపోర్టు రాసే రోజు వచ్చింది. మీ పని వల్ల కలిగిన ఫలితం ఏమిటి అని ఒక గడి ఉంది. సిక్స్తో అరపేజీ వివరణ రాసి పంపాడు. మరిబిక్ దాన్ని కింద ఉంచి, పైన ఒక వాక్యం చేర్చింది. బాలునాన్‌లో ఈ ఏడాది ఎవరూ చనిపోలేదు.

"ఇది మనవల్లే అని నిరూపించగలవా?" అడిగాడు సిక్స్తో.

"లేను సర్."

"శాస్త్రం తెలిసినవాడు ఎవడూ ఒప్పుకోడు."

"తెలుసు. తీసేస్తారా?"

ఆయన ఆ వాక్యం మళ్ళీ చదివాడు. గడ్డం బాగా తెల్లబడింది, గొంతులో కాస్త వణుకు వచ్చింది. "ఉంచు," అన్నాడు. "నా పేరు పైనుందిగా. అడిగితే నేను చెప్పుకుంటాలే."

ఆ వారంలోనే వినార్నో కొత్త దరఖాస్తుల ప్రకటన ఒకటి పంపించాడు. రెండేళ్ళు అయిపోయాక ఏమిటన్నది అప్పుడే మొదలైపోయింది. మరిబిక్ దాన్ని తెరిచి, గడువు చూసి, పక్కన పెట్టింది. బల్ల మీద తెసింగ్ పంపిన సీసా ఉంది. చాలా కాలం తర్వాత ఒక చుక్క తీసి గాజుపలక మీద వేసి, మైక్రోస్కోపులో కన్ను పెట్టింది. ప్రమాదమైనదేమీ లేదు. సన్నటి సూదుల్లాంటివి, పడవల్లాంటివి, పేరు మరిచిపోయినదొకటి మెల్లగా దొర్లుతూ పోతోంది. ట్యూషన్ పిల్లలు మెట్లెక్కి వస్తున్న చప్పుడు వినిపించేదాకా దాన్నే చూస్తూ ఉండిపోయింది.